నడుముకు సూది - నేను పడిన భయం
(గ్రామ సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలి ప్రసంగం)

పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు అధ్యక్షురాలు చదివినారు. నేను నా తప్పు లెక్క ఒకటి చెప్తా.

రెండేండ్ల కిందట నా కోడలికి నొప్పులొచ్చినాయి. బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గుతా ఉంది, ఆపరేషన్ చేయాల, నడుముకు మత్తుసూది వేస్తామని డాక్టరమ్మ చెప్పింది. "ఆ సూది వేస్తే జన్మంతా నడుము పనికిరాదు" అని నేను అడ్డం పడితిని. ముక్కాలు గంట పోయింది. కడకు కోడలే "అత్తా, నా సంతకం నేను పెడతా" అనింది. బిడ్డ పుట్టంగానే ఏడవలేదు. ఆరు దినాలు అద్దాల పెట్టెలో పెట్టినారు. ఇప్పుడు బాగుండాడు. ఆ ముక్కాలు గంట మాత్రం నన్ను వదల్లేదు.

తర్వాత అడిగి తెలుసుకున్నా. ఆ మందు వెన్నుపాము ముగిసిన చోటుకు కింద వేస్తారు. నడుము కింద మొద్దుబారుతుంది, తల్లికి మెలకువ ఉంటుంది, బిడ్డ ఏడుపు వింటుంది. కొన్ని గంటల్లో మత్తు దిగిపోతుంది. గుచ్చిన చోట కొన్ని దినాలు నొప్పి ఉండొచ్చు. కొందరికి లేచి కూర్చుంటే తలనొప్పి వస్తుంది. ఓర్చుకోకుండా చెప్పాల, దానికి వైద్యం ఉంది. ఏండ్ల తరబడి ఉండే నడుము నొప్పికి ఆ సూది కారణం కాదు. సూది లేకుండా కాన్పైన వాళ్లకూ నడుము నొప్పి ఉంది కదా!

మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లేనని 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కాబట్టి "ఎందుకు అవసరం?" అని అడగండి. అడగడం వేరు, నా మాదిరి అడ్డం పడడం వేరు.

మందుల విషయంలో ఈ నాలుగు గుర్తు పెట్టుకోండి.

ఒళ్లు నొప్పులకు అంగట్లో డైక్లోఫెనాక్, బ్రూఫెన్ కొని మింగొద్దు. ఐదో నెల నుంచి అవి బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీసి, ఉమ్మనీరు తగ్గించొచ్చు.

బీపీ, మూర్ఛ, థైరాయిడ్ మాత్రలు సొంతంగా మానొద్దు. కడుపు నిలబడిందని తెలియంగానే డాక్టరుకు చూపించి, మార్చాల్సినవి మార్పించుకోండి.

నొప్పులు రావాలని ఇంటికాడ సూది వేయించుకోవద్దు. గర్భసంచి చిరిగే ప్రమాదముంది.

ఆపరేషన్ ముందర ఎప్పుడు తిన్నారో, ఏ మందు పడదో దాచొద్దు.

మత్తు వైద్యం ఆడోళ్లకు కొత్త కాదు. హైదరాబాదులో 1889లో చదువు ముగించిన రూపాబాయి ఫర్దూంజీ క్లోరోఫారం ఇచ్చేది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరని ఆమెను చెప్పుకుంటారు.

నా మనవి ఒకటే. ప్రతి సంఘంలో కడుపుతో ఉన్న ఆడబిడ్డ ఎవరో కనుక్కుందాం. నెలనెలా 9వ తేదీన సర్కారు ఆసుపత్రిలో జరిగే ఉచిత పరీక్షలకు తోడు పోదాం. నొప్పులొస్తే 108కి ఫోన్ చేద్దాం. అత్తలం మనం తోడుందాం. సంతకం మాత్రం ఆ బిడ్డనే పెట్టనిద్దాం.