కచేరి గోడపత్రికలో చిత్రము చేయవలసిన పని



సంగీతము చెవికి విందు. గోడపత్రిక కంటికి పిలుపు. వినవలసినదానిని కంటికి చూపి, దారిని పోవువారిని సభామందిరమునకు రప్పించుట ఎట్లు? చూచుటకు ఇది చిన్న ప్రశ్నయే. కాని భిలాయి వంటి పట్టణములో దీనికి విశేష ప్రాముఖ్యము కలదు.

1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియనుతో ఒడంబడిక కుదిరినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు ఇచ్చట మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. ఆ కర్మాగారమును ఆశ్రయించి అనేక భాషలవారు ఒక్క ఊరివారైరి. ఇరుగువారిది ఒక లిపి, పొరుగువారిది మఱియొక లిపి. అంతకంటె ఆలోచింపదగిన విషయము వేఱొకటి కలదు. ఇంట తెలుగు మాటలాడుచు, బడిలో హిందీ, ఇంగ్లీషులు మాత్రమే చదివిన పిల్లలలో తెలుగు లిపి రానివారు కలరు. కేవలము అక్షరములతో నిండిన గోడపత్రిక వారిని గుమ్మము వెలుపలనే నిలుపును. ఆ గుమ్మము దాటింపగలది చిత్రమే.

ఈ విద్యలో ఆరితేరినవారి మార్గములు రెండు గమనింపదగినవి. పారిసులోని ‘దివాన్ జపోనే’ అను గానశాలకై 1893లో తులూజ్ లోత్రెక్ ఒక గోడపత్రిక చిత్రించెను. వేదికపై పాడుచున్న గాయని ఇవెత్ గిల్‌బేర్ శిరస్సు అందులో కనబడదు. కాగితపు అంచు దానిని ఖండించినది. పొడవైన నల్లని చేతితొడుగులు మాత్రము కనబడును. అవి ఆమె ఆనవాలు. వాటిని చూచినంతనే పాడునది ఎవరో పురజనులు గ్రహించిరి.

సాన్‌ఫ్రాన్సిస్కోలో 1912లో కట్టిన ఫిల్‌మోర్ అను శాలయందు 1966 నుండి బిల్ గ్రాహం సంగీతసభలు జరిపించెను. వాటికి వెస్ విల్సన్ చిత్రించిన పత్రికలలో అక్షరములే కరగి, జ్వాలలవలె పొంగి, చిత్రములైనవి. జనులు వాటిని ఊడదీసి ఇండ్లకు కొనిపోయిరి. చదువుట కష్టమైనను, లిపి తెలిసినవారు గనుక కూడబలుకుకొని చదివిరి. లిపియే రానివారికి ఆ మార్గము ఉపకరింపదు. భిలాయికి తగినది లోత్రెక్ మార్గము: ఒక్క ఆనవాలును పట్టుకొనుట.

ఉదాహరణకు, ఇచ్చట బుఱ్ఱకథ ఏర్పాటైనదనుకొనుడు. చిత్రకారుడు ఒక్క తంబురను మాత్రమే చిత్రించినచో ఛత్తీస్‌గఢ్ సోదరులు దానిని పాండవాని అని తలంతురు. అది సహజమే. భిలాయి సమీపమున గనియారీ గ్రామములో జన్మించి, ఉక్కు కర్మాగారమున ఉద్యోగము చేసి, 2019లో పద్మవిభూషణ్ పురస్కారమందిన తీజన్‌బాయి చేతిలో తంబురయే గదయు, ధనుస్సును అగుట వారెఱిగినదే. కావున బుఱ్ఱకథకు ముగ్గురిని చిత్రింపవలెను. నడుమ తంబుర భుజమున దాల్చిన కథకుడు; ఇరుప్రక్కల డక్కీలతో వంతలు. రెండు కళల చుట్టఱికమును తంబుర చెప్పును. భేదమును డక్కీలు చెప్పును.

వీణ కచేరియైనచో బొబ్బిలి వీణయొక్క యాళిముఖము చాలును. సితారును మాత్రమే ఎఱిగినవారును ఇది వేఱొక వాద్యమని గుర్తింతురు. సరస్వతీదేవి చిత్రము మంగళకరమే. కాని నాటి కార్యక్రమము గాత్రమో, వేణువో, హరికథయో అది తెలుపదు.

ఇక అచ్చు సంగతి. పూర్వపు రాతి అచ్చులో ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాయి కావలసియుండెను. అందుచేత చిత్రకారుడు పొదుపు నేర్చెను. నేడు కంప్యూటరు ఎన్ని రంగులనైనను ఇచ్చును. పొదుపును మాత్రము ఈయదు. షిఫ్టు ముగించుకొని స్కూటరుపై పోవువానికి రెండు మూడు రంగులే నిలిచి కనబడును. తేదీ, వేళ, స్థలము పెద్దవిగా, తెలుగులోను నాగరిలోను ఉండవలెను. సంవత్సరమును వేయుట మఱువరాదు. సభ ముగిసిన పిదప ఆ కాగితమే సంఘచరిత్రయగును. సంవత్సరము లేని చరిత్ర ఎవరికిని ఉపయోగపడదు.

అచ్చునకు పంపుటకు ముందు చిత్తుప్రతిని తెలుగు చదువలేని తెలుగు బిడ్డకు చూపవలెను. జరుగబోవునదేమో ఆ బిడ్డ చెప్పగలిగినచో చిత్రము తన పని చేసినట్లే. ముగ్గురు కథకుల పాదముల క్రింద ‘బుఱ్ఱకథ’ అను నాలుగు అక్షరములు స్పష్టముగా ఉన్నచో, బొమ్మను చూచినవారు అవి ఏమని అడుగుదురు. అడిగిన బిడ్డకు ఆ నాలుగు అక్షరములు చెప్పుటకు తల్లిదండ్రులకు నిమిషము చాలును.