ఇంటి కుట్టుపనిలో ముగింపు



ఇంట కుట్టుమిషను ఉన్నవారి పెట్టె తెరచి చూచినచో, పూర్తికాని పని ఏదో యొకటి అందులో కనబడక మానదు. మూడు మూలల పువ్వులు కుట్టి నాలుగవ మూల విడిచిన బల్లగుడ్డ, చేతులు అతికించి కాజాలు తీయని రవిక, అంచు మడవని తలగడ గలీబు - ఇట్టివి లేని ఇల్లు అరుదు. నా పెట్టెయు ఇందుకు మినహాయింపు కాదు. క్రొత్తపని మొదలిడునప్పుడు రంగుదారములను చూచి ముచ్చటపడిన మనసు ముగించు వేళకు విసుగు చెందును. పువ్వు కుట్టుట పండుగవంటిది. దారపు కొసలు కత్తిరించుట పండుగ మరునాడు ఇల్లు ఊడ్చుటవంటిది. కాని ఊడ్వని ఇంటిలో కాపురము చేయలేము గదా! అందుచేత, మిషనుపై పువ్వులు కుట్టు విధానమును గూర్చి గాక, కుట్టిన పిమ్మట మిగిలియుండు పనిని గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

ఈ పని విలువను నాకు ఏ పుస్తకమును చెప్పలేదు. సాలూరులో మా ఎదురింటి మామ్మగారు చెప్పిరి. సుమారు ముప్పది యేండ్ల క్రిందటి మాట. అప్పటికి నేను మిషనుపని నేర్చి ఏడాదియైనను కాలేదు. మామ్మగారి మనుమనికి అన్నప్రాశనము. తెల్లని మలుమలు గుడ్డ తెచ్చి ఇచ్చి, పిల్లవానికి జుబ్బా కుట్టుమనిరి. డబ్బు తీసికొని నేను కుట్టిన మొదటి బట్ట అదియే. రొమ్మున ఎఱ్ఱముక్కు పచ్చచిలుకను కుట్టితిని. రాత్రి చాల ప్రొద్దుపోవువరకు కూర్చుండి, పని పూర్తియైనదనుకొని నిద్రించితిని. వెనుకవైపు చూడనైనను లేదు. రంగు మార్చిన చోటనెల్ల వేసిన ముడులు, ఒక రెక్కనుండి వేరొక రెక్కకు సాగిన దారములు, సగము చించి విడిచిన కాగితపు ముక్కలు అన్నియు అక్కడనే యున్నవి.

మరునాడు పీటపై కూర్చుండబెట్టినది మొదలు పిల్లవాడు ఏడుపు మానలేదు. ఆకలి యనిరి, ఉక్కపోత యనిరి, దిష్టి యనిరి. చివరకు మామ్మగారు జుబ్బా విప్పి చూడగా, లేత రొమ్ముపై చిలుక ఆకారముననే ఎఱ్ఱని దద్దు లేచియున్నది. ఆమె నన్ను తిట్టలేదు. జుబ్బాను తిరగవేసి నా చేతిలో పెట్టి, “అమ్మీ! సిలక నువ్వూ నేనూ సూసుకోడానికే గదేటి? గుంటడి ఒంటికి తగిలినవి ఈ ముళ్ళే గదా!” అనిరి. దారపు ముడులును, తుమ్మచెట్టు ముళ్ళును ఆమె నోట ఒక్కమాటయే యైనవి. కూలి మాత్రము లెక్కగా ఇచ్చిరి. ఆ డబ్బు పుచ్చుకొనుటకంటె తిట్లు తినుటయే నాకు తేలికయై యుండెడిది.

బట్టకు రెండు ముఖములు కలవు. ఒకటి చూచువారిది, రెండవది తొడుగువారిది. మనము చూచువారి ముఖమును ముగించి, తొడుగువారి ముఖమును విడిచిపెట్టుచున్నాము. మా సాలూరు లారీలకు పేరుపొందిన ఊరు. లారీ బాడీ సిద్ధమైన పిమ్మట పెయింటరు దానిపై పువ్వులను, పక్షులను వేయును. దారిన పోవువారి కన్ను వానిమీదనే నిలుచును. కాని కొరాపుట్టు వైపు ఘాటురోడ్డు ఎక్కవలసిన డ్రైవరు మాత్రము వంగి లారీ అడుగుభాగమును చూచుకొనును. అతని ప్రాణము ఆ బోల్టులపై ఆధారపడియున్నది. కుట్టుపనిలో మనకు కావలసిన చూపు ఆ డ్రైవరు చూపే.

మిషను వచ్చిన తరువాత ముగింపు పని తగ్గినదని కొందరు భావింతురు. అది పొరపాటు. అమెరికాలో 1846లో ఎలియాస్ హోవ్, 1851లో ఐజాక్ సింగర్ తమ మిషనులకు పేటెంట్లు పొందిరి. యంత్రములను విమర్శించిన గాంధీమహాత్ముడు సైతము 1924లో సింగరు కుట్టుమిషనును ఆ విమర్శనుండి మినహాయించిరి. ఇంతటి మేలు చేసిన ఆ మిషను వేగపరచినది పనియొక్క నడిమి భాగమునే. గుడ్డను సిద్ధపరచుట, దారపు కొసను బిగించుట, అంచును తీర్చుట నేటికిని చాలవరకు చేతిపనియే. కంప్యూటరుతో నడచు ఎంబ్రాయిడరీ మిషనులు వచ్చినను, వెనుక అతికిన కాగితమును, మిగిలిన కొసలను చక్కజేయుటకు మనిషి చేయి కావలసినదే.

మిషను కుట్టు రెండు దారముల కలయిక. సూదిలోని పైదారము, బాబినులోని క్రిందిదారము గుడ్డ నడుమ ఒకదానినొకటి పెనవేసికొనును. కొస బిగింపనిచో ఈ పెనవేత ఊడి, నాలుగు ఉతుకులలో పువ్వు రేకు సగము జారిపోవును. కావున పువ్వు మొదలుపెట్టునప్పుడే చక్రమును చేతితో ఒకసారి త్రిప్పి, క్రిందిదారమును పైకి లాగుకొనవలెను. రెండు కొసలను పట్టుకొని ఉన్నచోటనే మూడు చిన్న కుట్లు వేసి, పిమ్మట ముందునకు సాగవలెను. ముగించునప్పుడును అట్లే చేయవలెను. అది మరచినచో కొసను సూదితో వెనుకకు తీసి, వెనుకనున్న కుట్ల క్రిందుగా అర అంగుళము దూర్చి, అక్కడ కత్తిరింపవలెను. ముడి వేయవలదు. ముడి నేడు బిగువుగా తోచును. రేపు ఒంటికి గ్రుచ్చుకొనును.

ఒక పువ్వునుండి మరియొక పువ్వుకు సాగిన దారములను పని నడచుచుండగనే కత్తిరించుట మంచిది. చివరికని విడిచినచో వానిపై మరల కుట్లు పడి, తీయుటకు వీలుకాదు. ఇందుకు చిన్న కొనల కత్తెర వేరుగా నుంచుకొనుడు. కొసను లాగి కత్తిరింపరాదు. లాగినచో గుడ్డ ముడుత పడును.

రింగునుండి గుడ్డను ఏ రోజునకారోజు తీసివేయవలెను. మావైపు వానకాలమున గాలిలో తేమ ఎక్కువ. రింగులో వారము దినములు విడిచిన గుడ్డపై గుండ్రని మరక పడుటయు, సూది గ్రుచ్చి విడిచినచో అక్కడ త్రుప్పు దిగుటయు నేనెరుగుదును. రింగు నొక్కు మాత్రమే పడినచో భయము లేదు. కొంచెము నీరు చిలికి వెనుకనుండి ఇస్త్రీ చేసిన సర్దుకొనును.

వెనుక అతికిన కాగితమును చించునప్పుడు ఎడమచేతి బొటనవ్రేలితో కుట్లను అదిమి పట్టి, కుడిచేతితో కొంచెము కొంచెముగా చింపవలెను. ఒక్కసారి లాగినచో కుట్లు సాగును. బనియనువంటి సాగెడు గుడ్డకు కాగితము పనికిరాదు. దానికి మెత్తని గుడ్డను ఆధారముగా నుంచి, పువ్వు చుట్టును పావు అంగుళము విడిచి మిగిలినది కత్తిరింపవలెను. ఆ గుడ్డ లోపలనే యుండి, కుట్టును కడవరకు మోయును.

ఇక అచ్చు సంగతి. ట్రేసింగు కాగితమునకు సూదితో రంధ్రములు పొడిచి, కిరసనాయిలులో నీలిమందు కలిపి గుడ్డతో రాచి అచ్చు దింపుట మన వాడుక. ఆ గుడ్డను కిరసనాయిలు వాసన పూర్తిగా పోవువరకు గాలికి ఆరవేయక ఇస్త్రీ దగ్గరకు తీసికొనిపోరాదు, అది అపాయకరము. అచ్చు గీతలను కడిగిన పిమ్మటనే ఇస్త్రీ చేయవలెను. వేడి తగిలినచో కొన్ని గీతలు గుడ్డలో నిలిచిపోవును.

ఇస్త్రీకి దుప్పటి మడతపై మెత్తని తువాలు పరచి, పువ్వు క్రిందివైపునకు వచ్చునట్లు వేసి, వెనుకనుండి అదుమవలెను. ముందునుండి నొక్కినచో ఉబ్బెత్తుగా నున్న రేకులు అణగిపోవును. మెరిసెడు పట్టువంటి దారములకు వేడి తక్కువగా నుండవలెను. గుడ్డ పువ్వు చుట్టును ముడుచుకొన్నచో ఇస్త్రీ కొంతవరకే సాయపడును. ఆ లోపమునకు కారణము దారపు బిగువు ఎక్కువగుటయో, ఆధారము చాలకపోవుటయో యై యుండును. మరుసటి పనికి ముందు అదే గుడ్డ ముక్కపై ఒక చిన్న పువ్వు కుట్టి చూచుకొన్నచో ఆ బాధ తప్పును.

రంగు దిగుట మరియొక చిక్కు. ముఖ్యముగా ఎఱుపు, ముదురు నీలము. దారమును ముందే తడిపి తెల్లగుడ్డలో చుట్టి నొక్కి చూడుడు. రంగు అంటినచో దానిని తెల్లబట్టపై వాడవలదు. నూలుగుడ్డను కుట్టుటకు ముందే రాత్రి నీటిలో నానవేసి ఆరబెట్టవలెను. లేనిచో మొదటి ఉతుకులో గుడ్డ కుదించుకొనును, పువ్వు కుదించుకొనదు. మిషనుకు నూనె వేసిననాడు మొదట చింకిగుడ్డపై కొంతసేపు నడిపి, పిమ్మటనే మంచిబట్టను పెట్టవలెను.

పసిపిల్లల బట్టలలో పువ్వు వెనుక మెత్తని పాత నూలుగుడ్డ ముక్కను ఆస్తరుగా వేసి, చుట్టును చేతికుట్టు వేయుడు. పది నిమిషముల పని. ఆ పది నిమిషములు నేను ఆనాడు వెచ్చింపలేదు.

బట్ట అతుకులకు కూడ ఇదే న్యాయము. పలుచని గుడ్డకు మొదట మంచివైపు బయటికుంచి కుట్టి, కొసలు సన్నగా కత్తిరించి, తిరగవేసి మరల కుట్టినచో పోగులు లోపలనే చిక్కుకొనును. దళసరి గుడ్డ కొసలకు జిగ్‌జాగ్ కుట్టుగాని, చేతితో చుట్టుకుట్టుగాని వేయవలెను. రవిక ప్రక్కలలో ఒక అంగుళము గుడ్డ విడుచుట మరువవలదు. ఒళ్ళు వచ్చినప్పుడు ఆ అంగుళమే రవికను కాపాడును. హుక్కులు, కాజాలు తొందరలో చేయు పని కాదు. అవి పగటి వెలుతురున చేయవలసినవి.

పూర్తికాని పనుల గుట్ట మాట యేమి? నేను అనుసరించు పద్ధతి యిది. ఒక్కొక్క పనిని వేరువేరు గుడ్డసంచిలో ఉంచి, దాని దారమును, బొత్తాములను, ఏమి మిగిలినదో వ్రాసిన చీటిని అందులోనే వేయుదును. వారమునకు ఒక మధ్యాహ్నము ముగింపునకే కేటాయింతును. ఆనాడు క్రొత్తగుడ్డ కత్తిరింపను. అన్నిటికంటె చిన్నపనిని ముందు చేపట్టుదును. అది పూర్తికాగా పెద్దపనికి ఓపిక వచ్చును. ఇక పూర్తిచేయుటకు మనసే రాని పనులు కొన్ని యుండును. వానిలోని మంచి పువ్వును కత్తిరించి సంచికో, గలీబుకో అతికి, మిగిలినది విడుచుటయు ఒక ముగింపే.

కూలికి కుట్టు సోదరీమణులకు ఒక్క మాట. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు, స్త్రీ తన చేతిపనితో తన కాళ్ళపై నిలువవలెనని పాటుపడిరి. అట్లు నిలువవలెనన్నచో పనికి తగిన వెల రావలెను. మనము పువ్వుకు వెల కట్టుదుము; కొసలు తీర్చుటకు, ఆస్తరుకు, ఇస్త్రీకి పట్టిన కాలమును లెక్కలో చేర్చము. లెక్కలో లేని పని క్రమముగా చేతిలోను లేకపోవును. ఆ కాలమునకు కూడ వెల కట్టుడు. సంక్రాంతికిని, దాని వెంటనే వచ్చు శంబర పోలమాంబ జాతరకును పని ఎక్కువగా వచ్చినప్పుడు, ముగింపునకు రెండు దినములు ముందే తీసివేసి గడువు చెప్పుడు. ఇచ్చునప్పుడు, మొదటిసారి వేరుగా చన్నీటిలో ఉతికి, తిరగవేసి నీడను ఆరవేయుమని చెప్పుట మరువవలదు.

ఆ జుబ్బా నేటికిని నా పెట్టెలోనే యున్నది. మామ్మగారు దానిని మరల అడుగలేదు. కొన్నాళ్ళకు నేను కూర్చుండి ముడులన్నియు విప్పి, కొసలు దూర్చి, ఆస్తరు వేసితిని. కాని అప్పటికి పిల్లవానికి అది పట్టలేదు. మామ్మగారు ఇప్పుడు లేరు. ఆనాటి పిల్లవాడు ఈనాడు లారీ నడుపుచున్నాడు. పోయినేడు అతని భార్య తమ కుమార్తెకు గౌను కుట్టించుకొనుటకు నాయొద్దకు వచ్చినది. సిద్ధమైన గౌను చేతికి ఇవ్వగా, ఆమె పువ్వును చూడలేదు. ముందుగా గౌనును తిరగవేసి, లోపల అరచేతితో నిమిరి చూచినది. మామ్మగారి మాట ఆ ఇంటిలో ఇంకను ఉన్నదని నాకు తెలిసినది. ఆమె చేయి ఎక్కడను ఆగలేదు.

నా కూలి నాకు ఆ క్షణముననే ముట్టినది.