నవ్వించే గొంతు ఎవరిది?

(కరీంనగర్‌లో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కూలిరేట్లు, కట్నం చావులు, భూమి పట్టాలు... ఇన్ని సమస్యలుండగా రేడియోలో వచ్చే హాస్యం గురించి మాట్లాడుకోవడమేమిటని ఇందాక ఒక చెల్లె అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఒకటే: నవ్వు కూడా అధికారానికి సంబంధించిన విషయమే. ఎవరు నవ్విస్తారు, ఎవరిని చూసి నవ్వుతారు, ఎవరు గట్టిగా నవ్వితే తప్పు పడతారు అన్నవి స్త్రీల స్థానమేమిటో చెప్తాయి.

ఈ జిల్లాల్లో బీడీలు చుట్టేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఒళ్ళో చాట, చేతిలో తునికాకు. కళ్ళూ చేతులూ పనికి కట్టుబడి ఉంటాయి. ఖాళీగా ఉండేవి చెవులే. సినిమాకు పోవాలంటే పైసలు కావాలి, తోడు కావాలి. రేడియోకు అవేవీ అక్కర్లేదు. అందుకే అది ఆడవాళ్ళ దగ్గరికి తేలిగ్గా వచ్చింది.

పాట, నాటిక, జోకు, మిమిక్రీ కలగలిపి వినిపించే పద్ధతికి చరిత్ర ఉంది. 1952 తర్వాత ఆకాశవాణి సినిమా పాటలను తగ్గిస్తే శ్రోతలు రేడియో సిలోన్ వైపు పోయారు. వాళ్ళను వెనక్కి రప్పించడానికి 1957 అక్టోబరులో వివిధభారతి మొదలైంది. 'హవా మహల్' హాస్య నాటికలు అందులోవే. అంటే వినోదం పైవాళ్ళు దయతో ఇచ్చింది కాదు, జనం పట్టుబట్టి తెచ్చుకున్నది.

అయితే ఆ హాస్యంలో స్త్రీ ఎక్కడుంది? తెలుగు హాస్యంలో చాలా భాగం భార్య అమాయకత్వం మీద, అత్త గయ్యాళితనం మీద, లావు మీద, నలుపు మీద బతికింది. మునిమాణిక్యం కాంతం ఎంత ముచ్చటైన మనిషైనా ఆమె కథ చెప్పేది భర్తే. భానుమతి 'అత్తగారి కథలు' రాసినప్పుడు కలం కోడలి చేతికి వచ్చింది. తేడా అక్కడుంది. హైదరాబాద్ కేంద్రం కార్మికుల కార్యక్రమంలో రతన్‌ప్రసాద్ 'చిన్నక్క'గా రాంబాబుతో సరిసమానంగా ముచ్చట పెట్టినప్పుడు కూడా ఇలాంటి మార్పే జరిగింది. నవ్వులపాలయ్యే ఆడమనిషి స్థానంలో, నవ్విస్తూనే లోకం గురించి మాట్లాడే ఆడమనిషి వచ్చింది.

రెండో ప్రశ్న భాషది. సినిమాలు చాలాకాలం తెలంగాణ మాటను రౌడీకీ హాస్యగాడికీ ఇచ్చాయి. మన మాటే జోకయింది. ఇక్కడి ఆడవాళ్ళకు ఇది రెండింతల అవమానం. గోండు, కోలాం స్త్రీల మాట ఇంకా వెనక్కి పోయింది. 1986లో ఆదిలాబాద్‌కు ఆకాశవాణి కేంద్రం వచ్చి గోండీలో కార్యక్రమాలు వినిపించడాన్ని అందుకే నేను గొప్ప సంగతిగా చూస్తాను. తన భాషలో నవ్వుకోగలగడం మనిషికి గౌరవం.

మూడోది వేదిక. ఒగ్గుకథలో ఆడవేషం మగవాళ్ళే కట్టారు. దండారిలోనూ అంతే. మరి ఆడవాళ్ళకు హాస్యం రాదా? పెండ్లిలో వియ్యపురాలిని ఆటపట్టించే పాటలు ఎవరివి? నాట్లేసేటప్పుడు దొరనూ మొగుడినీ కలిపి వెక్కిరించే మాటలు ఎవరివి? ఇంట్లో, పొలంలో ఉన్న ఈ విద్య మైకు దగ్గరికొచ్చేసరికి మాయమవుతుంది. అవకాశం వస్తే ఏమవుతుందో లంబాడిపల్లి గంగవ్వ చూపించింది. వ్యవసాయ కూలి చేసుకున్న ఆమె 'మై విలేజ్ షో'తో, 2020లో 'బిగ్‌బాస్'తో రాష్ట్రమంతటికీ తెలిసింది. ఆమె మాట మార్చుకోలేదు, విన్నవాళ్ళే అలవాటు పడ్డారు.

అయినా ఒకరికి పేరు రావడం వేరు, మైకు మన చేతికి రావడం వేరు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. 2006లో స్వచ్ఛంద సంస్థలు కమ్యూనిటీ రేడియో పెట్టుకోవడానికి ప్రభుత్వం అనుమతించింది. 2008 అక్టోబరు 15న జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత స్త్రీలు నడిపే సంఘం రేడియో ప్రసారాలు మొదలుపెట్టింది. అంతకుముందు పదేళ్ళపాటు వాళ్ళు కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసుకుని సంఘాల్లో వినిపించుకున్నారు. అనుమతి కోసం చేతులు ముడుచుకు కూర్చోలేదు.

మనమేం చేయగలం? ఒక నెల రోజులు రేడియో, టీవీ హాస్య కార్యక్రమాలు విని రాసిపెట్టండి. భార్యను కొట్టడం ఎన్నిసార్లు జోకయింది, రాసినవాళ్ళలో స్త్రీలెందరు, ఎవరి యాసను వెక్కిరించారు? గృహహింస చట్టం 2005లో వచ్చింది. ఇంట్లో నేరమైన దెబ్బ నాటికలో చప్పట్లకు కారణమైతే ఆ చట్టం సగమే అమలైనట్టు. ఆ లెక్కతో కేంద్రాలకు ఉత్తరాలు రాద్దాం. దాంతోపాటు మన సంఘాల్లోని పాటగత్తెలనూ మాటకారులనూ ఫోన్లలోనైనా రికార్డు చేద్దాం. కష్టానికి పైసలడగడమూ, పేరు చెప్పమనడమూ మరచిపోవద్దు.

మన ఏడుపును లోకం చాలానే రికార్డు చేసింది. మన నవ్వును మనమే రికార్డు చేసుకోవాలి.