శుల్బమంటే తాడు

మన పిల్లలు ఇక్కడి బడుల్లో పైథాగరస్ సూత్రం వల్లిస్తున్నారు. సంతోషమే. మన ఊళ్ళో ఇంటికి ముగ్గుపోసే మేస్త్రీ కూడా 3, 4, 5 అడుగుల తాడుతోనే మూలమట్టం చూస్తాడని వారికి చెప్పామా?

బౌధాయనుడి శుల్బసూత్రాలు యజ్ఞవేదికల కొలతలకోసం పుట్టినవి. చతురస్రానికి కర్ణం కావాలంటే భుజానికి మూడోవంతు, అందులో నాలుగోవంతు కలిపి, ఆ నాలుగోవంతులో 34వ వంతు తీసెయ్యమన్నాడు. భుజం 1 అయితే 1.414215 వస్తుంది, ఆరో దశాంశంలోగాని తేడా లేదు! డేగ వేదికకు పొరకు 200 చొప్పున అయిదు పొరలు. వేదిక డేగైనా, రథచక్రమైనా వైశాల్యం మారరాదు. చిక్కంతా అక్కడే.

అలాగని అన్నీ మనవేనని గొప్పలకు పోనక్కరలేదు. అంతకుముందే బాబిలోనియా మట్టిపలకల మీదా ఈ లెక్కలున్నాయి.

మన సంఘభవనానికి ముగ్గుపోసేనాడు తాడు పిల్లల చేతికే ఇద్దాం.