నింగి నుండి వచ్చిన రాయి



రాత్రివేళ ఆకాశంలో తళుక్కున మెరిసి మాయమయ్యే వెలుగు చారను చూసి మన పెద్దలు "చుక్క రాలింది" అంటారు. నిజానికి రాలేది చుక్క కాదు. అంతరిక్షంలో తిరిగే రాతి ముక్క మహావేగంతో గాలిలోకి దూసుకువచ్చి, వేడెక్కి వెలుగుతుంది. అదే ఉల్క. చాలా ఉల్కలు పైనే కాలిపోతాయి. కాలగా మిగిలి నేలకు చేరినది ఉల్కాశిల. అది పడిన చోటి పేరే దానికి పెడతారు. 1870 జనవరి 23న అప్పటి విశాఖపట్నం జిల్లాలో పడిన ఇనుప ఉల్కాశిలకు 'నెడగొల్ల' అన్న పేరు అలా వచ్చిందే.

మీరున్న శాన్ రామన్‌కూ ఉల్కాశిలలు దూరపు సంగతి కాదు. 2012 అక్టోబరు 17 రాత్రి అఖాతం చుట్టుపక్కల ఊళ్లవారు పెద్ద వెలుగును చూశారు. అఖాతానికి ఉత్తరాన ఉన్న నొవాటో పట్టణంలో ఒకావిడకు ఇంటి కప్పు మీద ఏదో తగిలిన చప్పుడు వినిపించింది. తరువాత పత్రికలో ఉల్క సంగతి చదివి, ఆమె ఆ చప్పుడును గుర్తు చేసుకొని వెదికింది. 63 గ్రాముల రాయి దొరికింది! నొవాటో ఉల్కాశిలల్లో మొదట దొరికినది అదే.

అదే సంవత్సరం ఏప్రిల్ 22న సటర్స్ మిల్ ప్రాంతంలో మరొక ఉల్క రాలింది. 1848లో కాలిఫోర్నియా బంగారం బయటపడిన చోటు అదే. ఈసారి దొరికిన ముక్కలన్నీ కలిపినా కిలోకు లోపే. అయితే రెండు మూడు రోజులలోనే వాన కురిసింది. నీరు తగిలితే చెడిపోయే గంధకపు ఖనిజం ఒకటి ఆ రాళ్లలో ఉంది. వానకు ముందే ఏరిన కొద్ది రాళ్లే దాన్ని చెడకుండా చూపగలిగాయి. ఆలస్యమైతే ఎంత నష్టమో గమనించారా?

ఇంతకీ ఆ రాళ్లలో ఏముంది? భూమి పుట్టుక నాటి పదార్థం ఉంది. దాని వయస్సు సుమారు 456 కోట్ల సంవత్సరాలు. దాన్ని పరిశోధించే కేంద్రం ఒకటి ఆరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఉంది. అది 1961లో ఏర్పడింది. హార్వీ నినింగర్ సేకరించిన రాళ్లలో పెద్ద భాగం దానికి పునాది. ఆయన మొదట జీవశాస్త్ర ఉపాధ్యాయుడు. ఊరూరా తిరిగి, రైతులకు ఉల్కాశిలలను గుర్తించే విధం చెప్పి, వారిచేత వెదికించాడు. సటర్స్ మిల్ రాళ్లను కూడా ఆ విశ్వవిద్యాలయంలో పరీక్షించి, వాటిలోని కర్బన పదార్థాలను పరిశీలించారు.

కనుక బాలలారా! ఆకాశంలో పెద్ద వెలుగు కనిపిస్తే వెంటనే సమయం, దిక్కు రాసిపెట్టుకోండి. మరునాడు నల్లని పలుచటి పెంకు కప్పిన కొత్త రాయి కనబడితే ముందు ఫోటో తీయండి. వట్టి చేతితో తాకవద్దు, కడగవద్దు, అయస్కాంతం తగిలించవద్దు. పరాయి స్థలమైతే యజమానిని అడగండి. అమ్మానాన్నలకు చెప్పి, రాయిని శుభ్రమైన సంచిలో పొడిగా ఉంచి, విశ్వవిద్యాలయానికి కబురు చేయండి. రాయి కథను చదివేది శాస్త్రవేత్తలే. దాన్ని చెరగకుండా వారికి అందించే పని మాత్రం ముందు చూసినవారిది. అది మీరే కావచ్చు.