రిటైరయ్యాక మన పళ్లెం
(కోల్‌కతాలో సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

 

నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను. ఇంటర్ చదివి సిపాయిగా చేరి, సుబేదార్‌గా దిగినవాణ్ణి. అందుకని నా సంగతే చెబుతాను.

సర్వీసులో ఉన్నంతకాలం నా మెడికల్ కేటగిరీ షేప్ వన్. 2018లో రిటైరయ్యాక అత్తవారి ఊరు ఖరగ్‌పూర్ దగ్గరే కదా అని కోల్‌కతాలో ఉండిపోయాను. అపార్ట్‌మెంట్లలో సెక్యూరిటీ సూపర్‌వైజర్ పని. పొద్దున్న పీటీ పోయింది, ఆకలి మాత్రం పోలేదు. టిఫినుకి లూచీలు, సాయంత్రం ఎగ్ రోల్, ఇంటికెళ్తూ మిష్టీ దహీ. రాత్రి పళ్లెం నిండా అన్నం, ఓ మూల చెంచాడు కూర. మూడేళ్లలో పదకొండు కిలోలు పెరిగాను. 2021లో పరగడుపున షుగర్ 186 వచ్చింది. రిపోర్టు ఎవరిదో మారిపోయిందని ఇంకోచోట చేయించాను. అక్కడ 191.

చెప్పొద్దూ, అప్పుడూ లెక్కచేయలేదు. ఆ ఏడే మా బ్యాచ్‌మేట్ ఒకడు ఫోన్ చేశాడు. క్రాస్‌కంట్రీలో మమ్మల్నందరినీ వెనకేసి పరిగెత్తినవాడు. షుగర్‌తో కాలి పుండు మానక రెండు వేళ్లు తీసేశారట. "నువ్వయినా చూసుకోరా" అన్నాడు. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.

డాక్టరుగారు మాత్రలు రాసి, తిండి మార్చమన్నారు. "కొత్తవేం వద్దు, మీ అమ్మ పెట్టినవే తినండి" అంది ఇంటావిడ. మాది శ్రీకాకుళం జిల్లా పల్లె. చోడంబలి, పప్పు, తోటకూర పులుసు. మాంసం పండక్కో, చుట్టాలొస్తేనో.

కూరగాయలకి కోల్‌కతాను మించిన ఊరు నేను చూడలేదు. అరటిపువ్వుని వీళ్లు మోచా అంటారు, అరటి దవ్వని థోడ్ అంటారు. పుయ్ శాక్ అంటే మన బచ్చలే, కొల్మీ శాక్ మన తూటికూర. మునక్కాడలే కాదు, మునగపువ్వూ అమ్ముతారు. బెంగాలీలంటే చేపలే అనుకుంటాం గానీ, వాళ్ల మధ్యాహ్న భోజనం తరచుగా చేదుతో, అంటే శుక్తోతో మొదలవుతుంది. మనం ఉగాదికి ఒక్కరోజు వేపపువ్వు తిని ఊరుకుంటాం. వీళ్లు లేత వేపాకు వంకాయతో వేయించుకొని తింటారు.

ఫౌజీలకు ఫౌజీ కథే చెప్పాలి. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915 డిసెంబరు నుంచి 1916 ఏప్రిల్ దాకా ఇరాక్‌లోని కుత్‌లో మన సేన ముట్టడిలో చిక్కుకుంది. తెల్లపిండి రొట్టె తిన్న బ్రిటిష్ సైనికులకు బెరిబెరి వచ్చింది. ఆటా, పప్పు తిన్న మన జవాన్లకు రాలేదు. కానీ కూరగాయలు, తాజా మాంసం లేక మనవాళ్లకు స్కర్వీ వచ్చింది. తుపాకీ గుండు తగలకుండానే మనుషులు పడిపోయారు. మన ఆర్మీ కూడా 2023లో చిరుధాన్యాల పిండిని మళ్లీ రేషన్‌లోకి తెచ్చింది. మా అమ్మ వింటే నవ్వేది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం, రెండువేల కేలరీల భోజనానికి రోజుకు ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, ధాన్యం 250 గ్రాములు. నా పళ్లెంలో సరిగ్గా తిరగబడి ఉండేది. ఇప్పుడు ముందు కూర, పప్పు తిని, అన్నం ఆఖర్న పెట్టుకుంటాను. మొదటి నెల ఆకలితో అర్ధరాత్రి లేచి డబ్బాలు వెతికాను. వేయించిన శనగలు తినడం అలా అలవాటైంది.

నేను పూర్తి శాకాహారిని కాలేదు. బడాఖానాలో మటన్ వదిలేంత వైరాగ్యం రాలేదు. పూర్తిగా మానేవాళ్లు, పాలు కూడా ముట్టనివాళ్లు బి12 సంగతి డాక్టర్ని అడగండి. అది ఆకుల్లో దొరకదు. నా పాతికేళ్ల మాటలు విని మాత్రలు ఆపేయకండి. నాకు ఒక మాత్ర తగ్గించారు, రెండోది వేసుకుంటూనే ఉన్నాను. తొమ్మిది కిలోలు తగ్గాను. మిగతా రెండూ మొండికేశాయి.

మా బ్యాచ్‌మేట్ ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తున్నాడు. రోజూ పొద్దున్న ఇద్దరం ఫోన్లో మాట్లాడుకుంటూ, వాడు వాళ్లూళ్లో, నేనిక్కడ నడుస్తాం. ఆదివారాలు మాత్రం ఆరు గంటలకల్లా మైదానంలో, మన పాత ఫోర్ట్ విలియం, ఇప్పటి విజయ్ దుర్గ్ వైపు ఉంటాను. వచ్చేవాళ్లు రండి. టీ నాది, పంచదార ఉండదు.