దోశ పెనమా, పొంగనాల పెనమా? క్యాన్సర్ మందుల టెస్ట్ వెనక ప్లాస్టిక్ గిన్నె కథ

ఈరోజు సెల్స్ గురించి మాట్లాడుకుందాం. మీ చేతిలో ఉన్న సెల్ కాదు, మన ఒంట్లో ఉండే సెల్, అంటే కణం. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే, ఆ కణాల్ని ల్యాబ్‌లో పెంచే ప్లాస్టిక్ గిన్నె గురించి. గిన్నెలో ఏముంది బ్రో అంటారా? ఒక మందు క్యాన్సర్ మీద పనిచేస్తుందా లేదా అన్న జవాబు ఒక్కోసారి ఆ గిన్నె అడుగు షేప్‌ని బట్టి మారిపోతుంది.

వంటింట్లోంచి మొదలుపెడదాం. చదును పెనం మీద పిండి పోస్తే దోశ వస్తుంది. అదే పిండి గుంత పొంగనాల పెనంలో పోస్తే గుండ్రటి పొంగనం వస్తుంది. పిండి మారలేదు, పెనం మారింది. కణాలదీ ఇదే కథ. చదును గిన్నెలో వేస్తే అడుగుకి అతుక్కుని దోశలా పరుచుకుంటాయి. కానీ ఒంట్లో క్యాన్సర్ గడ్డ దోశలా ఉండదు కదా, ఉండలా ఉంటుంది.

తేడా ఎక్కడ వస్తుందంటే, దోశలో ప్రతి కణానికీ మందు నేరుగా తగులుతుంది. ఉండలో మాత్రం పొరలు దాటుకుని లోపలికి వెళ్ళాలి. పైగా లోపలి కణాలకి ఆక్సిజన్ తక్కువ, అవి విభజన ఆపేసి కూర్చుంటాయి. చాలా కీమో మందులు కొట్టేది విభజన జరుగుతున్న కణాల్నే. అందుకే దోశలో సూపర్ హిట్ అయిన మందు ఉండ దగ్గరికొచ్చేసరికి ఫ్లాప్ అవ్వచ్చు.

సరే, మరి ఉండలు పెరిగే గిన్నె ఎలా డిజైన్ చేస్తారు?

మొదటిది, అంటుకోకూడదు. మామూలు కల్చర్ గిన్నెలు పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌తో చేస్తారు. కణాలు బాగా అతుక్కోవాలని దానికి ప్లాస్మా ట్రీట్‌మెంట్ కూడా ఇస్తారు. ఇక్కడ మనకి కావాల్సింది సరిగ్గా రివర్స్. కణం నేరుగా ప్లాస్టిక్‌ని పట్టుకోదు, ముందు ప్లాస్టిక్ మీద చేరిన ప్రొటీన్లని పట్టుకుంటుంది. అందుకని నీళ్ళు పీల్చుకునే హైడ్రోజెల్‌ని పల్చగా పూస్తారు. ప్రొటీన్ నిలవదు, కణానికి పట్టు దొరకదు. ఇక ఒకదాన్నొకటి పట్టుకోవడం తప్ప వాటికి వేరే దారి ఉండదు.

రెండోది షేప్. అంటుకోని చదును గిన్నె అయితే ఉండలు వస్తాయి గానీ ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఎక్కడపడితే అక్కడ. పోల్చడం కుదరదు. గుండ్రటి అడుగున్న గుంట అయితే కణాలన్నీ జారి మధ్యలోకి చేరతాయి. గుంటకి ఒక్క ఉండే. ప్రతి గుంటలో ఒకే సంఖ్యలో కణాలు వేస్తే ఉండలన్నీ ఇంచుమించు ఒకే సైజు.

ఆ సైజే మూడో తలనొప్పి. బోండా మరీ పెద్దగా వేస్తే ఏమవుతుంది? పైన ఎర్రగా వేగుతుంది, లోపల పిండి పచ్చిగానే ఉంటుంది. ఇక్కడా అంతే. ఉండ వ్యాసం రెండింతలైతే లోపలి సరుకు ఎనిమిదింతలు, పై ఉపరితలం మాత్రం నాలుగింతలే. ఆక్సిజన్ లోపలికి వెళ్ళేది సుమారు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల లోతుకే. ఉండ అర మిల్లీమీటర్ దాటితే సాధారణంగా నడిమధ్య కణాలు చచ్చిపోవడం మొదలవుతుంది. ఆ చావు మందు వల్ల వచ్చిందా, ఊపిరాడక వచ్చిందా? సైజు కంట్రోల్‌లో లేకపోతే చెప్పలేం.

ఇక నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా నచ్చే పార్ట్, యూజర్. ల్యాబ్‌లో మనిషి పాత ద్రవం తీసి కొత్తది పోయాలి. పిపెట్ అడుగుదాకా వెళ్తే ఉండ కూడా పైకొచ్చేస్తుంది. అందుకని కొన్ని ప్లేట్లలో గుంట గోడకి చిన్న మెట్టు పెడతారు, పిపెట్ అక్కడే ఆగిపోతుంది. ఇంకో యూజర్ రోబో. దానికి ప్లేట్ కొలత 127.76 బై 85.48 మిల్లీమీటర్లే ఉండాలి, 96 గుంటల ప్లేట్‌లో గుంటకీ గుంటకీ మధ్య 9 మిల్లీమీటర్లే ఉండాలి. మన ఛార్జర్ పిన్నుకి స్టాండర్డ్ ఉన్నట్టే. ఎంత గొప్ప డిజైనైనా ఈ కొలతకి ఒదగకపోతే మెషీన్ తీసుకోదు.

ఇదంతా పెద్ద కంపెనీల పని అనుకోకండి. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో మెదడు కణాల ఉండలు పెంచేవాళ్ళు. వాటికి పోషకాలు అందాలంటే ద్రవం తిరుగుతూ ఉండాలి. పెద్ద ఫ్లాస్కులకి ఖరీదైన ద్రవం చాలా పడుతుంది. సెలవుల్లో ల్యాబ్‌కి వచ్చిన హైస్కూల్ పిల్లల చేయి పడి, 12 గుంటల ప్లేట్ మీద కూర్చునే చిన్న తిప్పుడు యంత్రం 3డీ ప్రింటర్‌తో తయారైంది. దాని పేరు స్పిన్ ఒమేగా. 2016లో సెల్ అనే సైన్స్ జర్నల్‌లో వచ్చింది. జికా వైరస్ పెరిగే మెదడుని ఎలా దెబ్బతీస్తుందో ఆ ఉండల్లోనే చూశారు.

మన దగ్గరా దారి తెరుచుకుంది. 2023 మార్చిలో కొత్త మందుల రూల్స్ సవరించి, జంతువుల మీద టెస్టులతో పాటు ఇలాంటి 3డీ మోడల్స్‌కి కూడా చోటిచ్చారు. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన అటల్ ఇంక్యుబేషన్ సెంటర్‌లో వీటి కోసమే ఒక విభాగం పెట్టారు. మెకానికల్, ప్లాస్టిక్స్ చదివేవాళ్ళూ, ఇది మీ పని కూడా.

బయాలజీతో సంబంధం లేనివాళ్ళకి చివరగా ఒక్క మాట. "ఫలానా ఆకు రసం క్యాన్సర్ కణాల్ని చంపేసింది" అని వాట్సాప్‌లో ఫార్వర్డ్ వస్తుంది. అది నిజమే అయినా, చదును గిన్నెలో కణాల్ని చంపడం కష్టం కాదు. ఉప్పు ఎక్కువైనా చస్తాయి. ఆ మెసేజ్ నమ్మి ఎవరైనా ట్రీట్‌మెంట్ ఆపేస్తే పోయేది మనిషి ప్రాణం. అందుకే ఫార్వర్డ్ కొట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: ఏ గిన్నెలో చంపింది, దోశలోనా, ఉండలోనా, మనిషిలోనా? ఉండలో గెలిచినా అది ఇంకో మెట్టే, మనిషి దాకా ఇంకా చాలా దారి ఉంది.

ఈ ఎపిసోడ్ ఇంట్లో పెద్దవాళ్ళకీ వినిపించండి. వచ్చేవారం కలుద్దాం, ఉంటాను.